ప్రస్తుతానికి కటింగ్ మాత్రమే

జూన్ 3, సోమవారం

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా పడతాయి. ఊళ్ళో బడి ఐదో తరగతితో సరి, ఆ తరవాత చేతిలో పలక పోయి దువ్వెన వచ్చింది. చదివేవాళ్ళు మన్నించాలి. చదివేవాళ్ళు ఎవరూ లేరనుకోండి. అయినా ముందు ఆ మాట రాస్తే మర్యాదగా ఉంటుంది.

ఎందుకు రాస్తున్నానంటే, గురువారం వార్డు ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ మాట్లాడాలి. నాకు మాట్లాడడం రాదు. కటింగ్ షాపు పెట్టుకుని నోరు మెదపనివాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అని మా బావమరిది అంటాడు. అందుకని చెప్పవలసింది ముందు ఇక్కడ రాసి, బట్టీ పట్టి, అక్కడ అప్పజెప్పేస్తాను. అయిపోతుంది.

డాక్టరుగారూ, నేను కటింగ్ చేస్తాను. షాపు బస్సులు తిరిగే మలుపులో ఉంది. ఒంట్లో బాగానే ఉంది. పళ్ళన్నీ నావే. నా ఇబ్బంది ఏమిటంటే

రేపు రాస్తాను.

జూన్ 4

కటింగులు బాగానే పడ్డాయి. గడ్డానికి వచ్చినవాళ్ళకి బోర్డు చూపించాను. అట్ట మీద నేనే రాసి తగిలించాను: ప్రస్తుతానికి కటింగ్ మాత్రమే.

జూన్ 5

ఇవాళ బావమరిది వచ్చాడు. నీళ్ళ ట్యాంకరు రోడ్డుకి అడ్డంగా ఆపి, వెనక హారన్లు మోగుతుంటే తాపీగా కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు.

"గియ్యి బావా."

"కత్తి సానకిచ్చాను" అన్నాను.

వాడు కళ్ళు తెరిచాడు. "సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తికి సానేంటి బావా? రేపు దువ్వెనకి పంచర్ వేయించానంటావు."

నవ్వాలి కాబట్టి నవ్వాను. వాడు బోర్డు చదివి, గడ్డం గోక్కుంటూ వెళ్ళిపోయాడు. అబద్ధం ఆడాలన్నా కొంచెం పనితనం ఉండాలి.

అద్దం పైన ఒక కాగితం అంటించి ఉంది. మగాళ్ళు ఎక్కడా ఆగరు, ఇక్కడైతే కాసేపు కూర్చుంటారని ఆసుపత్రి అమ్మాయి వచ్చి అడిగితే నేనే జిగురు రాసి అంటించాను. "నిద్ర పట్టడం లేదా? దిగులా? వద్దన్నా వచ్చే ఆలోచనలా? గురువారం రండి. మాట్లాడండి." కింద చీటీ ఖరీదు. నేను ఒక గడ్డం గీసి పుచ్చుకునేదాని కన్నా తక్కువే. అంతకుముందు ఒకసారి పెద్దరోడ్డు మీద ఉన్న పెద్దాసుపత్రి దాకా వెళ్ళాను. లోపల గోడ మీద వాళ్ళ ఫీజు చూసి, చుట్టాల కోసం కనుక్కుందామని వచ్చానని కాపలావాడికి చెప్పి తిరిగొచ్చాను.

రేపే గురువారం. భయం లేదు. చెప్పేస్తాను.

జూన్ 6, గురువారం

వెళ్ళాను. పాత లైబ్రరీ మేడ కింద రెండు గదులు. ఎడమ పక్క బల్ల మోకాళ్ళకి, షుగరుకి, దగ్గుకి. కుడి పక్క బల్ల మెట్ల కింద, మనసుకి. ఎడమ బల్ల మీద తోసుకుంటూ కూర్చున్నారు. కుడి బల్ల మీద ఒక కాలేజీ పిల్ల, బ్యాంకు దగ్గర కాపలా ఉండే పెద్దమనిషి. ఆయన నా కస్టమరే. ఆయన నేల చూశాడు. నేనూ నేల చూశాను.

చీటీలు రాసే ఆవిడ గొంతు బస్సు కండక్టరుది. "దేనికి తాతా? ఒంటికా, మనసుకా?"

అందరూ నా వైపు తిరిగారు.

"మోకాలు" అన్నాను.

నొప్పి మందు గొట్టం ఒకటి ఇచ్చారు. మనుషులు మంచివాళ్ళే. వచ్చే గురువారం తప్పకుండా చెప్పేస్తాను.

జూన్ 7

మా ఆవిడ అన్నం పెట్టి, చెయ్యి కడుక్కుని, మందు గొట్టం తీసుకుని ఎదురుగా కూర్చుంది. "ఏ మోకాలు?" అంది.

"కుడిది."

"పొద్దున ఎడమదన్నావు."

"మారింది."

రెండింటికీ రాసింది. చాలాసేపు రాసింది. వేళ్ళు నొప్పి పుట్టినా ఆపలేదు. నా కళ్ళు వంటింటి వైపు ఉన్నాయి.

పడుకోవడానికి షాపుకి వచ్చేశాను. ఇంట్లో ఉక్క. షాపులో గాలి బాగా వస్తుంది.

జూన్ 10

షాపులోనే పడుకున్నాను. గాలి బాగుంది.

జూన్ 11

మా ఆవిడ అడిగింది. "ఏమయ్యా, షట్టరు దించితే దోమ కూడా దూరని చోట నీకు గాలి ఎక్కడినుంచి వస్తోంది? నా మీద కోపమా?"

"కోపం లేదు."

"మరి?"

"గాలి" అన్నాను.

కూరల కత్తి కనబడక, చిక్కుడుకాయలు చేత్తో తుంచుకుంటూ కూర్చుంది.

జూన్ 13, గురువారం

మళ్ళీ ఎడమ బల్ల మీదే కూర్చున్నాను. కాళ్ళే అటు నడిచాయి. ఎడమ గది డాక్టరు నా మోకాళ్ళు రెండూ వంచి చూసి, "పెద్దాయనా, ఇవి నా మోకాళ్ళ కన్నా గట్టిగా ఉన్నాయి" అన్నాడు. నా మొహం చూశాడు. చీటీ వెనక్కి తిప్పి ఏదో రాసి, చెవి దగ్గరికి వంగి, "అటు పక్క బల్ల కూడా మనదే. మొహమాటపడకండి" అన్నాడు.

చీటీలావిడకి అది చూపించాను. ఇంక అరుస్తుంది అనుకున్నాను. లేచి వచ్చి బల్ల మీద తన సంచీ తీసి చోటు చేసింది. "మొన్ననే చెప్తే ఇన్నాళ్ళూ మోకాళ్ళకి ఆ వాసన తప్పేది గదా తాతా. కూర్చో, నీళ్ళు తాగు." అది కూడా గట్టిగానే అంది. కానీ ఈసారి ఎవరూ తిరిగి చూడలేదు. ఎవరి గొడవ వాళ్ళది.

లోపల డాక్టరమ్మకి మా అమ్మాయి వయసు ఉంటుంది. "చెప్పండి బాబాయ్‌గారూ" అంది. ఆవిడ తొందరపెట్టలేదు. ఫ్యాను తిరుగుతోంది. బట్టీ పట్టింది ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఆవిడ నుదుటి మీద జుట్టు ఎడమ వైపు ఎగుడుదిగుడుగా కత్తిరించి ఉంది. ఎంతసేపని చూస్తాను.

"ఎవరమ్మా అలా కత్తిరించింది?" అన్నాను.

ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "నేనే. అద్దంలో చూసుకుంటూ."

"అద్దంలో చెయ్యి తిరగబడుతుంది. నా దగ్గరికి వస్తే సరి చేస్తాను."

నవ్వింది. కటింగేనా, గడ్డాలు కూడా గీస్తారా అని అడిగింది. మామూలుగానే అడిగింది. చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. ఒక చెప్పు నాది కాదని సగం దారిలో తెలిసింది. తిరిగి వెళ్ళి మార్చుకున్నాను. ఆ కాస్త మర్యాద ఉంది.

జూన్ 14

రాసేస్తాను. ఇక్కడ ఎవరూ లేరు.

వేసవి మొదట్లో ఒకరోజు బావమరిదికి గడ్డం గీస్తున్నాను. వాడు కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ట్యాంకరు కుళాయి కథ ఏదో చెబుతున్నాడు. గొంతు దగ్గరికి వచ్చాను. అప్పుడు నా లోపల ఒక మాట వచ్చింది. నొక్కితే?

అంతే. వాడి మీద నాకు కోపం లేదు. ఏ గొడవా లేదు. ఎవరో చెప్పినట్టు వినబడలేదు. అది నా ఆలోచనే. అదే నా భయం.

ఆ రోజు ఎలాగో ముగించాను. మర్నాడు ప్రతి గొంతు దగ్గరా అదే మాట. ఇన్నేళ్ళలో ఎవరికైనా చిన్న గాటు పడితే, ఆ మనిషి కన్నా ముందు నాకు మంట పుట్టేది. అలాంటి చెయ్యి. కత్తులన్నీ సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఎదురుగా టీ కొట్టతనికి ఇచ్చాను. పారేసుకుంటానేమో, నీ దగ్గర ఉంచమన్నాను.

తరవాత అది ఇంటికి కూడా వచ్చింది. మా ఆవిడ పీట మీద కూర్చుని కూర తరుగుతుంటే వచ్చింది. ఆవిడ మీద. కూరల కత్తి అటక మీద పెట్టింది నేనే. షాపులో పడుకుంటున్నది గాలి కోసం కాదు.

నేను మంచివాణ్ణో కాదో నాకు తెలియదు ఇప్పుడు.

జూన్ 16, ఆదివారం

మా ఆవిడ మా అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. సంచీ సర్దుకుంటూ, "కోపం తగ్గాక కబురు చెయ్యి. తగ్గకపోతే అదైనా చెప్పు" అంది. బస్సు దగ్గర దింపడానికి బావమరిది వచ్చాడు.

"ఏం బావా, ఈ వయసులో మా అక్కని పుట్టింటికి తోలేస్తున్నావా? పుట్టింట్లో ఉన్నది నేనొక్కణ్ణి. నాకు టీ పెట్టడం కూడా రాదు."

"కూతురి దగ్గరికిరా వెళ్ళేది" అంది ఆవిడ. వాడు నవ్వాడు, ఆవిడ నవ్వలేదు. బస్సు ఎక్కాక కిటికీలోంచి నా వైపు చూడలేదు.

మంచిదే. కూతురి దగ్గర కొన్నాళ్ళు ఉంటుంది.

జూన్ 17

మంచిదే. అక్కడైతే భయం లేదు.

జూన్ 18

ఇంట్లో పడుకున్నాను. మంచం పెద్దదిగా ఉంది.

జూన్ 20, గురువారం

కుడి బల్ల మీదికి నేరుగా వెళ్ళాను. బ్యాంకు కాపలా ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు.

లోపల కూర్చుని, గోడ మీద క్యాలెండరు చూస్తూ, పధ్నాలుగో తేదీన ఇక్కడ రాసింది రాసినట్టు అప్పజెప్పాను. ఆపకుండా. చివరికి "పోలీసులకి చెప్పాలా?" అని అడిగాను.

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరగలేదు. నా మీద అనుమానంగా చూడలేదు. ఆ ఆలోచన వస్తే ఎలా ఉంటుందని అడిగింది. నా మీద నాకే అసహ్యం వేస్తుందన్నాను. చెయ్యాలనిపిస్తుందా అంది.

"ఛ! ఏం మాటమ్మా! దానికే గదా కూడుపెట్టే కత్తిని వదిలేసుకున్నది!"

అంత గట్టిగా నేను ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు. బయట చీటీలావిడకి కూడా వినబడి ఉంటుంది. డాక్టరమ్మ తల ఊపింది. ఇంకా చాలా అడిగింది. ఎవరి మీదైనా పగ ఉందా, చచ్చిపోవాలని అనిపిస్తుందా, తాగుతానా, ఎవరిదైనా గొంతు వినబడుతుందా. అన్నిటికీ లేదని చెప్పాను. అన్నీ నిజమే.

అప్పుడు చెప్పింది. ఇది ఒక జబ్బు, దీనికి పేరు ఉంది, నాలాంటివాళ్ళు ఈ బల్ల మీద కూర్చుని వెళ్ళారు. చంటిపిల్లల్ని ఎత్తుకోవడానికి భయపడే తల్లులు ఉన్నారు. బండి తోలడానికి భయపడే డ్రైవర్లు ఉన్నారు. పిచ్చి ఆలోచన అందరికీ వస్తుందట, వచ్చి పోతుందట. నాకు అది పోకుండా ఇరుక్కుంది. ఇరుక్కోవడానికి కారణం, నేను దాన్ని చూసి అంత బెదిరిపోవడం. "మీరు కత్తులు దాచేకొద్దీ దానికి బలం వస్తుంది బాబాయ్‌గారూ. కొంచెం కొంచెంగా కత్తి దగ్గరికి మళ్ళీ వెళదాం. తొందర లేదు, కానీ ఆపొద్దు."

ఎక్కడ మొదలుపెడదామంటే నేనే చెప్పాను. మా పనిలో కొత్తవాళ్ళకి మనిషి మొహం ఇవ్వరు. బెలూన్ ఊది, నురగ రాసి, బెలూన్ పగలకుండా నురగ గీయమంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

"పగిలితే?" అంది.

"షాపంతా నవ్వుతారు."

"అయితే అదే" అని రాసుకుంది. లేచేముందు చూశాను, బల్ల మీద ఆవిడ కత్తెర మొదటినుంచీ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆవిడ తియ్యలేదు.

జూన్ 21

టీ కొట్టతని దగ్గర తాళంచెవి తీసుకున్నాను. పంచదార డబ్బాలో దాచాడు. చీమలతో సహా ఇచ్చాడు.

జూన్ 24

బెలూన్ పగిలింది. టీ కొట్టతను గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏం మామా, పుట్టినరోజా?"

"అవును" అన్నాను. వాడు ఒక టీ ఊరికే ఇచ్చాడు.

జూన్ 26

పొద్దున్న ఒక బెలూన్, మధ్యాహ్నం ఒకటి. రెండూ బతికాయి. ఆలోచన వస్తోంది. వస్తే తరమొద్దు, దానితో వాదించొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. నేను ఇలా అనుకుంటున్నాను. వరసలో లేకుండా వచ్చి కూర్చున్న కస్టమరు అది. పొమ్మంటే గొడవ పెట్టుకుంటాడు. నా పని నేను చేసుకుంటే, పాత పేపరు రెండుసార్లు చదివి, ఆవలించి, వాడే లేచిపోతాడు.

ఇవాళ పోయాడు. కొంచెం ఆలస్యంగా పోయాడు గానీ పోయాడు.

జూన్ 27, గురువారం

డాక్టరమ్మకి బెలూన్ల సంగతి చెప్పాను. చప్పట్లు కొట్టింది. నాకు సిగ్గు వేసింది, బాగుంది కూడా. పెద్ద డాక్టరు నెలకొకసారి వస్తాడట. వచ్చే గురువారం ఆయన చూసి, అవసరమైతే మాత్ర రాస్తాడు. మాత్రలు ఇక్కడే ఇస్తారు.

ఇంక బెలూన్ చాలదు, మనిషి కావాలంది. "తెలిసి కూర్చునే మనిషి. అన్నీ చెప్పి, ఒప్పుకుంటేనే."

నాకు ఉన్నది ఒక్కడే.

జూలై 1, సోమవారం

చెప్పాను. షట్టరు సగం దించి, నిలబడి చెప్పాను. బావమరిది మొదటిసారి మాట్లాడకుండా విన్నాడు.

చివరికి అన్నాడు, "మొదట ఎవరి గొంతు మీద వచ్చింది బావా?"

"నీదే."

"అంత బాగుందా?"

నేను నవ్వలేదు. వాడూ నవ్వలేదు. గొంతు తడుముకున్నాడు. "అక్క మీద కూడానా?" అని అడిగాడు. తల ఊపాను. వాడు లేచి, షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు. ట్యాంకరు శబ్దం మలుపు తిరిగేదాకా విన్నాను.

జూలై 2

రాలేదు.

జూలై 3

రాలేదు. వస్తాడు. రాకపోతే బెలూన్లు ఉన్నాయి.

జూలై 4, గురువారం

ఆసుపత్రి దగ్గర నీళ్ళ ట్యాంకరు గేటుకి అడ్డంగా ఆగి ఉంది. లోపల వాడు, ఇంత గడ్డంతో, చీటీలావిడతో తగువు.

"ఒంటికా, మనసుకా?" అంటోంది ఆవిడ.

"మా బావకి. ఆయన నన్ను కోస్తాడా, కొయ్యడా? అది చెప్పండి, నేను నీళ్ళు దింపాలి."

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పం. నువ్వెవరైనా సరే."

"నేను గొంతున్నవాణ్ణమ్మా!"

డాక్టరమ్మ బయటికి వచ్చి, నన్ను చూసి, పక్కకి పిలిచి అడిగింది. ఆయనకి చెప్పమంటారా, మీ ఇష్టం అంది. చెప్పమన్నాను. ముగ్గురం కూర్చున్నాం. వాడు అడగని ప్రశ్న లేదు. అన్నిటికీ ఓపికగా చెప్పింది. ఇలాంటివాళ్ళు ఆ పని చెయ్యకూడదనే ఇంత బాధపడతారని, నన్ను అన్నీ అడిగి చూసే ఆ మాట అంటున్నానని చెప్పింది. భయంగా ఉంటే కూర్చోవద్దు, కూర్చోకపోయినా మీ బావకి బాగవుతుందని కూడా చెప్పింది.

బయటికి వచ్చాక వాడు అన్నాడు, "ఇంత మంది ఉండగా నా దగ్గరికి వచ్చి చెప్పావు చూడు. నలభై ఏళ్ళలో నాతో నువ్వు మాట్లాడిన పొడుగాటి మాట అదే బావా. అదీ నన్ను కొయ్యడం గురించి."

పెద్ద డాక్టరు మాత్ర రాశాడు. చిన్నది. పడుకునే ముందు వేసుకోవాలి.

జూలై 8, సోమవారం

వాడు కూర్చున్నాడు. గుడ్డ కట్టాను. వేడినీళ్ళతో తడిపి నురగ రాశాను. బ్రష్షు తిప్పుతుంటే చెయ్యి బాగానే ఉంది. కొత్త బ్లేడు విరిచి కత్తిలో పెట్టాను.

కుడి చెంప గీశాను. వాడు ఎప్పుడూ లేనిది గమ్మున ఉన్నాడు. "ఏదో ఒకటి మాట్లాడరా" అన్నాను. ట్యాంకరు కుళాయి కథ మొదలుపెట్టాడు. దవడ కిందికి వచ్చాను. వచ్చింది. నొక్కితే? వచ్చి కూర్చుంది. కూర్చోనిచ్చాను. గొంతు కుడి సగం గీశాను. వాడి గుటక కత్తి కింద కదలడం వేళ్ళకి తెలిసింది.

అక్కడ చెయ్యి ఆగిపోయింది. కత్తి గిన్నెలో పెట్టేశాను.

"ఇవాళ్టికి చాలు" అన్నాను.

వాడు లేచి అద్దంలో చూసుకున్నాడు. ఒక పక్క నున్నగా, ఒక పక్క పొద. "సగమేనా?" అన్నాడు. మిగతా సగం పక్క షాపులో గీయించుకోమన్నాను.

"ఎందుకు? ఇది నీది" అని తుడుచుకుని, అలాగే వెళ్ళి ట్యాంకరు ఎక్కాడు. నీళ్ళు దింపిన ప్రతి చోటా నవ్వి ఉంటారు.

జూలై 9

మిగతా సగం గీశాను. వరసలో లేని ఆ కస్టమరు వచ్చి కూర్చున్నాడు. నేను ముగించేసరికి లేడు. ఎప్పుడు పోయాడో చూడలేదు.

వాడు రెండు పక్కలా చెయ్యి రాసుకుని, "నిన్నటి పక్కే బాగుంది" అన్నాడు.

జూలై 11, గురువారం

మా ఆవిడకి చెప్పాలని డాక్టరమ్మ అనలేదు. చెప్పాలని నాకే ఉందంటే, సరే అంది. ఫోన్లో మా ఆవిడ రోజూ తిన్నావా అంటుంది. తిన్నాను అంటాను. తరవాత ఇద్దరం ఊరుకుంటాం. బావమరిది తను చెబుతానన్నాడు. వద్దన్నాను. వాడు చెబితే కుళాయి కథ కూడా కలుస్తుంది.

జూలై 14, ఆదివారం

ఈ కాగితం నీకు. చింపి పోస్టులో వేస్తాను.

నీ మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు. నీ పక్కన కత్తి ఉంటే నేను నిన్ను పొడుస్తానేమో అని నాకు ఆలోచన వచ్చేది. పొడవాలని కాదు. పొడుస్తానేమో అని. అందుకే షాపులో పడుకున్నాను. కూరల కత్తి దాచింది నేనే. ఇప్పుడు మళ్ళీ దాని చోట పెట్టాను. రోజూ దానితోనే ఉల్లిపాయలు తరుగుతున్నాను, లావుగా వస్తున్నాయి.

అది జబ్బట. వార్డు ఆసుపత్రిలో చూపించుకుంటున్నాను. మాత్ర వేసుకుంటున్నాను. మీ తమ్ముడికి గడ్డం గీస్తున్నాను. వాడు బతికే ఉన్నాడు, ఫోన్ చేసి కనుక్కో. మోకాళ్ళు మొదటినుంచీ బాగానే ఉన్నాయి. నువ్వు అంతసేపు రాస్తుంటే చెప్పలేకపోయాను.

ఒకటి దాచకుండా రాయాలి. ఆ ఆలోచన పూర్తిగా పోలేదు. నువ్వు ఎదురుగా కూర్చుని కూర తరుగుతుంటే మళ్ళీ రావచ్చు. వస్తే నేను లేచి వెళ్ళిపోను. నీ ఎదురుగానే కూర్చుంటాను. అలా కూర్చోగలనని నాకు నమ్మకం ఉంది. నీకు ఉండాలని లేదు. నువ్వు అడగాలనుకున్నవన్నీ అడగడానికి ఏ గురువారమైనా రావచ్చని డాక్టరమ్మ అంది. ముందు ఆవిడతో మాట్లాడి, తరవాత ఇంటికి వచ్చేదీ లేనిదీ నువ్వు చూసుకో. అమ్మాయికి చెప్పుకోవాలంటే చెప్పు. నాకు సిగ్గు లేదు. ఉంది, కానీ చెప్పు.

భయంగా ఉంటే రావద్దు. అదైనా రాయి. వస్తానన్నా, రానన్నా, ఆలోచించుకుంటానన్నా ఏదో ఒకటి రాయి. ఫోన్లో అయితే మనం మళ్ళీ తిన్నావా అని ఊరుకుంటాం. జవాబు తొందరగా రాయి.